ఐదు మార్కుల ప్రాజెక్టు గురించి: తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీకి ఒక నడిగడ్డ ఉపాధ్యాయుడి బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులు గారికి, పాఠ్యపుస్తకాల రచయితలకు, పాఠశాల విద్యాశాఖ అధికారులకు నమస్కారాలు.

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్తున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పై అధికారులకు ఇలా అందరూ చదివేలా ఉత్తరం రాయలేదు. కిందటేడు ఎఫ్‌ఏ (బడిలోనే మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టులు దిద్దినప్పటి సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

అప్పుడు తొమ్మిదో తరగతిలో 41 మంది ఉండేవారు. మన జిల్లా నీటి వనరుల మీద ప్రాజెక్టు రాసుకు రమ్మన్నాను. వారం తర్వాత 41 వచ్చాయి. రంగు అట్టలు, స్కెచ్ పెన్నుతో గీసిన అంచులు, మొదటి పేజీలో పూలు. లోపల 38 మందిది ఒకటే సరుకు. బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో ఒకరు నెట్ నుంచి ప్రింటు తీయించుకున్నారు, మిగతావాళ్ళు అది చూసి రాసుకున్నారు. ఆ ప్రింటు మా జిల్లాది కూడా కాదు. మా దగ్గర లేని వాగు పేరు 38 మంది నోటుపుస్తకాల్లో ఉంది. ఒక అమ్మాయిని పిలిచి, "ఈ వాగు ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

"ప్రాజెక్టులో ఉంది సార్," అంది.

ఆ పిల్ల తెలివైనది. పొద్దున బడికొచ్చే దారిలో రాజోలిబండ కాలువ దాటే వస్తుంది. నీటి వనరులంటే ఆ కాలువేనని ఆమెకు తట్టలేదు. తట్టేలా మేము ఏనాడూ చెప్పలేదు. నేను ఆ 38 మందికీ నాలుగులూ ఐదులూ వేశాను. ఆ సాయంత్రానికల్లా మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. తక్కువ వేస్తే ఎందుకు తక్కువో రాయాలి. పక్క సబ్జెక్టులో ఐదు వచ్చినవాడికి నా దగ్గర రెండు వస్తే తల్లిదండ్రులు అడుగుతారు. ఇవన్నీ నిజమే. అయినా, చూసి రాయడమే చదువని ఆ రోజు నేను మార్కులు వేసి మరీ నేర్పాను. ఇది ఒక్క నా బడిలో జరుగుతున్న సంగతి కాదని మీకూ తెలుసు.

ప్రతి ఎఫ్‌ఏలో 20 మార్కులు. పిల్లల భాగస్వామ్యానికి ఐదు, రాత అంశాలకు ఐదు, ప్రాజెక్టు పనికి ఐదు, లఘు పరీక్షకు ఐదు. కాగితం మీద ఇది మంచి ఆలోచన. బట్టీకి బయట కూడా చదువుందని ఒప్పుకున్న పద్ధతి ఇది. కానీ ఒక్కసారి లెక్క వేయండి. ఆరు సబ్జెక్టులు, ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. ఒక్కో పిల్లవాడు ఏడాదికి 24 ప్రాజెక్టులు చేయాలి. విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఒక్క ప్రశ్న పట్టుకొని ఏళ్ళు గడుపుతారు. పన్నెండేళ్ళ పిల్లను మనం రెండు వారాలకొకటి చొప్పున అడుగుతున్నాం. ఆ పిల్ల చూసి రాయక ఏం చేస్తుంది?

2024 నవంబరులో పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు తీసేస్తున్నామని ప్రకటించి, వెంటనే మరుసటి ఏడాదికి వాయిదా వేసినప్పుడు స్టాఫ్‌రూముల్లో పెద్ద చర్చే జరిగింది. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేసుకుంటున్నాయని కొందరు, తీసేస్తే సర్కారు బడి పిల్లలు నష్టపోతారని కొందరు. ఆ మార్కుల వెనక ఉన్న ప్రాజెక్టులో పిల్ల ఏం నేర్చుకుంటోందన్న మాట మాత్రం నా చెవిన పడలేదు. మార్కులు ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. ఆ ప్రాజెక్టును మాత్రం ఇలా వదిలేయకండి.

ఇది ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానంటే, 2018 ఎండాకాలం నేను మరిచిపోలేదు.

ఆ ఏడాది మా నడిగడ్డ ఊళ్ళలో ఫోన్లకు వీడియోలు వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, కిడ్నీలు కోసుకుపోతున్నారని. ఎక్కడివో ఎప్పటివో తెలియని దృశ్యాలకు తెలుగులో ఎవరిదో గొంతు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకొని పడుకునే ఊళ్ళు తలుపులు బిగించుకున్నాయి. కొత్త మనిషి ఊళ్ళోకొస్తే కర్రలు లేచాయి. ఆ మే నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇలాంటి అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. మా దగ్గర అంతవరకు రాలేదంటే పోలీసుల పుణ్యమే. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ కానిస్టేబుళ్ళను పంపారు. డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు, ఆ వీడియోలు ఎందుకు నమ్మకూడదో రచ్చకట్టల దగ్గర కూర్చొని చెప్పించారు. నాలుగు వందల పైచిలుకు ఊళ్ళలో ఆ పని జరిగింది.

2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత యాభై శాతానికి కూడా చేరని జిల్లా మాది. కాబట్టి చదువులేనివాళ్ళు నమ్మారులే అనుకోవడం తేలిక. మా ఊళ్ళో ఆ వీడియో నాకు మొదట పంపింది డిగ్రీ చదివిన కుర్రాడు. మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులోనూ వచ్చింది, ఇద్దరు ముగ్గురు "జాగ్రత్త" అని రాసి మరీ ముందుకు పంపారు. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లలు ఇవాళ ఓటర్లు. వాళ్ళకు పదో తరగతి దాకా నేనే చెప్పాను. వచ్చిన మాటను ఎలా పరీక్షించాలో ఆ నాలుగేళ్ళలో ఒక్క పిరియడ్ కూడా చెప్పలేదు. అది సిలబస్‌లో లేదు. బడి చేయాల్సిన పని డప్పు పట్టుకొని కానిస్టేబుళ్ళు చేశారు.

చదువుంటే చాలనుకోవడం ఎంత పొరపాటో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరీక్షలో చూశారు. శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 45 మందిని ఎంచుకున్నారు. పది మంది పీహెచ్‌డీలున్న చరిత్రకారులు, పది మంది వార్తల్లో నిజానిజాలు తేల్చే వృత్తివాళ్ళు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. కొన్ని వెబ్‌సైట్లు చూపించి నమ్మదగినవేనా అని అడిగారు. చరిత్రకారులూ విద్యార్థులూ ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందకి శ్రద్ధగా చదివారు. హుందాగా ఉన్న పేరు, అందమైన గుర్తు చూసి చాలామంది మోసపోయారు. నిజానిజాలు తేల్చేవాళ్ళు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఆగలేదు. వెంటనే బయటికొచ్చి, ఈ సంస్థ ఎవరిది, దీని గురించి ఇతరులు ఏమంటున్నారు అని వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పింది వాళ్ళే. శ్రద్ధగా చదవమని పిల్లలకు రోజూ చెప్పే నాకు ఇది తెలిసినప్పుడు కొంత కష్టంగానే అనిపించింది. పెళ్ళి సంబంధం వస్తే మనం ఏం చేస్తాం? పెళ్ళికొడుకు తరఫువాళ్ళు చెప్పింది విని ఊరుకోం. వాళ్ళ ఊళ్ళో నాలుగిళ్ళు విచారిస్తాం. పిల్లలకు నేర్పాల్సింది ఆ విచారణే. ఇంట్లో వాళ్ళకు అలవాటున్నదాన్నే బడిలోకి తీసుకురావాలి.

ఈ విచారణకు మా మట్టిలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. ఆయన పుట్టింది మా బోరవెల్లిలో, స్వగ్రామం ఇటిక్యాలపాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒకాయన అన్నాడు. ఆ మాటకు కోపం రాని తెలంగాణ మనిషి ఉండడు. సురవరం వారికీ వచ్చే ఉంటుంది. కానీ ఆయన ఎదురు తిట్టలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు రప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. ఆ వాదన అక్కడితో ముగిసింది. ఈ సంగతి మన పిల్లలకు తెలుగు పాఠంలో ఆత్మగౌరవ గాథగా చెప్తాం. అది పరిశోధన పాఠం కూడా. ఒక మాట వచ్చింది, అది నిజమా అని అడిగారు, ఆధారాలు పోగేశారు, అందరూ చూసేలా ముందు పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్ల చేయలేనిది ఇందులో ఏముంది?

చేయగలదని కిందటేడు నేను కళ్ళారా చూశాను. ఆ 38 జిరాక్సుల బాధతోనే, ఆ మరుసటి ఎఫ్‌ఏకి ఎనిమిదో తరగతిలో ఆరుగురిని ఒక జట్టు చేసి ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. రాజోలిబండ కాలువ కింద మన ఊళ్ళో ఎంత భూమి పారుతుంది? జవాబు ఎక్కడ దొరికినా సరే, నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసుకోమన్నాను. ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు.

మొదటి రోజే ఒకడు ఫోన్లో చూసి వచ్చి, మన తెలంగాణ వైపు మొత్తం ఆయకట్టు 87,500 ఎకరాలు, అయిపోయింది సార్ అన్నాడు. మరి మన ఊళ్ళో ఎంత అని అడిగితే తెల్లమొహం వేశాడు. మర్నాడు కాలువ గట్టు మీద ఒక రైతును అడిగారు. "రికార్డుల పారుతయి బిడ్డా, మా చేనికి రావు," అన్నాడాయన. పిల్లలు గొడవపడుతూ నా దగ్గరకొచ్చారు. ఫోన్ అబద్ధమా, ఆ తాత అబద్ధమా? నేను జవాబు చెప్పలేదు. ఇంకో నలుగురిని అడగమన్నాను. కాలువ మొదట్లో ఉన్న రైతులు నీళ్ళొస్తాయన్నారు, చివర్లో ఉన్నవాళ్ళు రావన్నారు. నీటిపారుదల ఆఫీసుకు వెళ్తే అక్కడి ఇంజనీరు గారు ఓపికగా కూర్చోబెట్టి, ఆయకట్టు అంటే నీళ్ళివ్వాలని లెక్క కట్టుకున్న భూమి అని, ఏ ఏడు ఎంత పారిందో వేరే లెక్క ఉంటుందని చెప్పారు. చివరి భూములకు నీళ్ళందని లోటు పూడ్చడానికే తుమ్మిళ్ళ ఎత్తిపోతల కట్టాల్సి వచ్చిందని కూడా చెప్పారట. ఒక పిల్లవాడి తాత తమ చిన్నప్పుడు చివరి మడి దాకా నీళ్ళు పారేవన్నాడు. "ఏ సంవత్సరం తాతా?" అని వాడు అడిగాడు. తాత చెప్పలేకపోయాడు. మీ పెద్దత్త పెళ్ళికి ముందే అన్నాడు. వాడు ఇంటికెళ్ళి పెద్దత్త పెళ్ళి ఎప్పుడో కనుక్కొని వచ్చి మూడో గడిలో రాశాడు. చరిత్ర ఎమ్మే చదివేటప్పుడు నాకు ఎవరూ ఇంత బాగా నేర్పలేదు.

చివరికి ఆ జట్టు రాసింది ఒకటిన్నర పేజీ. బొమ్మల్లేవు, పూల అంచుల్లేవు. ఆఖరి వాక్యం ఒక అమ్మాయి రాసింది: "87,500 ఎకరాలు పారాల్సిన భూమి. మన ఊళ్ళో పారింది ఎంతో మాకు ఇంకా తెలియదు." నా సర్వీసులో నేను పూర్తి సంతృప్తితో వేసిన ఐదు మార్కులు అవి. కానీ మీరిచ్చిన రికార్డు నమూనాలో దీనికి చోటు లేదు. సేకరించిన సమాచారం, నివేదిక, ప్రదర్శన అని గళ్ళుంటే "ఇంకా తెలియదు" అన్న నిజాయితీ ఏ గడిలో పడుతుంది?

పాఠ్యపుస్తకాలను తక్కువ చేయడం లేదు. ప్రతి పాఠం చివర 'మీ అభ్యసనాన్ని మెరుగుపరచుకోండి' కింద మీరిచ్చే ప్రశ్నల్లో మంచివి చాలా ఉన్నాయి. మీ ఊళ్ళో అడగండి, మీ ప్రాంతంలో చూడండి అని ఉంటాయి. ఎలా అడగాలో మాత్రం ఎక్కడా ఉండదు. ఎవరిని అడగాలి, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఏం చేయాలి, పుస్తకంలోంచి తీసుకున్న మాటను సొంత మాటతో కలపకుండా ఎలా రాయాలి, ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళ పేరు ఎందుకు చెప్పాలి? ఇవి తెలియకుండా ప్రశ్న ఇవ్వడమంటే ఈత రానివాడిని తుంగభద్రలోకి తోయడమే. ఒడ్డున గైడు, జిరాక్సు ఉంటే వాడు వాటినే పట్టుకుంటాడు.

పైగా ఇప్పుడు ఏఐ వచ్చింది. మొన్న ఒక పదో తరగతి పిల్లవాడు గద్వాల కోట మీద చక్కటి వ్యాసం తెచ్చాడు. చివర ఒక పుస్తకం పేరు, రచయిత పేరు. ఎంత వెతికినా నాకు ఆ పుస్తకం దొరకలేదు. ఫోన్లో అడిగి రాశానని వాడు దాచకుండా చెప్పాడు. వాడికి అబద్ధం చెప్పాలని లేదు. అంత ధీమాగా, అంత మంచి తెలుగులో ఒక యంత్రం లేని పుస్తకాన్ని చెప్తుందని వాడికి తెలియదు. ఏఐని బడుల్లోకి తెస్తామని అన్ని ప్రభుత్వాలూ అంటున్నాయి. తెండి. దాని జవాబును పరీక్షించే విద్య దానికంటే ముందు రావాలి.

మన దక్షిణాదిలోనే కేరళ ఈ పని మొదలుపెట్టింది. టీకాల మీద పుకార్లు చూశాక, 2018లో కన్నూరు జిల్లా కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ గారు ప్రభుత్వ బడుల్లో 'సత్యమేవ జయతే' పేరుతో పాఠాలు పెట్టించారు. తర్వాత అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ కైట్ ద్వారా రాష్ట్రమంతటికీ విస్తరించారు. 2024లో వచ్చిన ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పాఠ్యపుస్తకాల్లో ఐదో తరగతికే తప్పుడు వార్తలను గుర్తించడం చేర్చారు. మనది సాక్ష్యం వెతకడంలో వాళ్ళకు తీసిపోయే నేల కాదు.

ఇక నేను అడిగేవి. కొత్త సబ్జెక్టు అడగడం లేదు. దయచేసి పెట్టకండి. సబ్జెక్టు పెడితే పుస్తకం వస్తుంది, పుస్తకం వెంట గైడు, గైడు వెంట బిట్ పేపరు. 'సమాచార పరిశీలనలోని ఐదు మెట్లు రాయుము' అని నాలుగు మార్కుల ప్రశ్న అడుగుతాం, పిల్లలు బట్టీ పట్టి రాస్తారు. ఉన్న ప్రాజెక్టునే బాగు చేయండి.

24 ప్రాజెక్టులను రెండు చేయండి. అర్ధ సంవత్సరానికొకటి, రెండు మూడు సబ్జెక్టులకు కలిపి. ప్రశ్న చిన్నదిగా, ఊళ్ళో జవాబు వెతకదగినదిగా ఉండాలి. 'చెరువులు' అని ఇస్తే జిరాక్సే వస్తుంది. మన చెరువు తూము కిందటిసారి ఎప్పుడు తెరిచారు అని అడిగితే నెట్ సెంటరులో దొరకదు. శ్రీశైలం ముంపులో ఊళ్ళు వదిలొచ్చినవాళ్ళు ఇంకా మా మధ్య ఉన్నారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తెచ్చి కట్టడం చూసినవాళ్ళున్నారు. ఇంకో పదేళ్ళయితే అడుగుదామన్నా ఉండరు. ఐదు మార్కుల్లో కనీసం మూడు ఆధారాలకు కేటాయించండి. నివేదిక అందంగా ఉందా లేదా అన్నది వదిలేయండి.

ఫోన్ లేకుండా చేయగలిగేలా ఉండాలి. మా ఊళ్ళలో ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది నాన్న జేబులో ఉంటుంది. నాన్న ఇంటికొచ్చాక అది అన్న చేతికి వెళ్తుంది. ఆడపిల్ల చేతికి వచ్చేసరికి రాత్రి పది. ఒకే సంఘటనను రెండు దినపత్రికలు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి చదివిస్తే చాలు. శీర్షికలో ఎవరి పేరుంది, ఎవరి మాట వదిలేశారు, సంఖ్యలు ఎందుకు వేరుగా ఉన్నాయి? దీనికి పాత పేపర్లు, ఒక కత్తెర సరిపోతాయి. నేను ఏడో తరగతిలో చేయించాను. పిల్లలు పిరియడ్ అయిపోయినా లేవలేదు.

గ్రంథాలయం సంగతి వేరే చెప్పాలి. మా బడిలో పుస్తకాలు హెడ్మాస్టరు గదిలోని బీరువాలో ఉంటాయి. పోతే ఎవరి జీతంలోంచి కట్టాలో తెలియక తాళం వేసి ఉంచుతారు. లైబ్రరీ పిరియడ్ టైంటేబుల్లో ఉంది, గణితానికి వాడుకుంటాం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళు తెలుగు పుస్తకం దొరకని రాజ్యంలో ఆ పని చేశారు. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. ఇవాళ ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేస్తున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థకూ బడికీ మధ్య ఒక్క కాగితం కూడా నడవదు. నెలకొక పెట్టె, అందులో నలభై పుస్తకాలు, బడుల మధ్య తిరిగేలా రెండు శాఖలూ ఒక ఉత్తర్వు ఇచ్చుకుంటే చాలు. పోయిన పుస్తకాన్ని ఉపాధ్యాయుడి మీద వేయకుండా రద్దు చేసే అధికారం హెడ్మాస్టరుకు ఇవ్వండి. బీరువా దానంతటదే తెరుచుకుంటుంది.

ఉపాధ్యాయులకూ ఇది కొత్తే. మమ్మల్ని నిందించకుండా నేర్పండి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో ఏవో ఫారాలు నింపుకొని వస్తాం. అందులో ఒక పూట ఇవ్వండి. మాకు వచ్చిన ఫార్వర్డునే మా చేత పరీక్షింపజేయండి. ఆ పూట తర్వాత క్లాసులో పిల్ల లేచి "ఇది మీకెలా తెలుసు సార్?" అని అడిగితే ఎదురు మాట్లాడుతోందని కూర్చోబెట్టే అలవాటు మాలో కొందరికైనా పోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆధారాలతో ఆలోచించడం నేర్పమంటుంది. రాజ్యాంగంలోని 51ఏ అధికరణం ప్రశ్నించే తత్వాన్ని పౌరుల విధిగా రాసింది. మా క్లాసులో ఆ ప్రశ్న మొదట మా మీదికే వస్తుంది. రానివ్వాలి.

మీ సంస్థ పేరులోనే పరిశోధన ఉంది. ఈ మార్పు కూడా పరిశోధించే చేయండి. ఒక్క మండలంలో, ఒక్క ఏడాది ప్రయత్నించి చూడండి. ఆ పిల్లల ముందూ తర్వాతా ఒకే రకమైన ఫార్వర్డు పెట్టి తేడా ఉందో లేదో కొలవండి. తేడా లేకపోతే అది కూడా దాచకుండా అచ్చు వేయండి.

మా ఎనిమిదో తరగతి జట్టు ఈ ఏడాది తొమ్మిదిలోకి వచ్చింది. పారిన భూమి ఎంతో తెలియదన్నారు కదా, దాని కోసం పదేళ్ళ లెక్కలు అడుగుతూ నీటిపారుదల ఆఫీసుకు వాళ్ళే సొంత చేతిరాతతో దరఖాస్తు పెట్టారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చిన రోజు ఆ కాగితాన్నీ, కాలువ చివరి రైతులు చెప్పిన మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి పోల్చుతామంటున్నారు. మీలో ఎవరైనా ఆ రోజు మా బడికి రావాలని పిల్లల తరఫున ఆహ్వానిస్తున్నాను. వెనక బెంచీలో చోటుంటుంది.

భవదీయుడు,
నడిగడ్డ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు